చైనా భాషలో ‘ఉంటే’

ఏవండీ,

మీ సంవత్సరీకం అయ్యాక, మీరు మధ్యలో వదిలేసిన ఆన్‌లైన్ చైనీస్ క్లాసులో నేను చేరాను. మన కడియం నర్సరీకి బోన్సాయ్ మొక్కలు పంపే చైనావాళ్ళకి సొంతంగా ఉత్తరాలు రాస్తానని మీరు మొదలుపెట్టిన చదువు ఇప్పుడు నా ప్రాణం తీస్తోంది. మనం ‘వస్తే’, ‘ఉంటే’ అని ఊరుకునేదానికి వాళ్ళకి ఎన్ని మాటలండీ! మాట్లాడేటప్పుడు ‘రూగ్వో’ అట, ఉత్తరంలో మర్యాదగా రాయాలంటే ‘థాంగ్‌ర్వో’ అట. ఇవాళ నాలుగుసార్లు తప్పు రాశాను.

“థాంగ్‌ర్వోతో ఇంకొక్క వాక్యం రాయండి మేడమ్,” అన్నారు టీచరుగారు.

విసుగెత్తి, ‘మా ఆయన బతికి ఉంటే ఈ హోంవర్కు ఆయనే చేసేవారు’ అని రాసి పడేశాను.

ఆవిడ దాన్ని రెండుసార్లు చదువుకున్నారు. తర్వాత మెల్లగా, “సరిగ్గానే రాశారండి,” అన్నారు.

ఇన్నాళ్ళలో తప్పు లేకుండా నేను రాసిన వాక్యం అదొక్కటేనండీ.