నిద్రలో హాజరు

అక్కా,

ఎదురుగా కూర్చుని చెబితే నవ్వేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

మీ మరిదిగారి స్కూలునీ పక్క స్కూలునీ కలిపేస్తున్నారు. రెండింట్లోనూ లెక్కల టీచర్లున్నారు. ఇక ఒకరే చాలంటారని పుకారు. అది విన్నప్పటి నుంచి ఈయనకి పీడకలలు. ఒక కలలో తువ్వాలు చుట్టుకుని క్లాసుకి వెళ్తారు. ఇంకో కలలో ఎంత వెతికినా క్లాసు దొరకదు. తీరా దొరికేసరికి పక్క స్కూలు లెక్కల మేడం చేతిలో స్కేలుతో ఆయన కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఆవిణ్ణి మేమెప్పుడూ చూడలేదు. అయినా ఇంట్లో ఆవిడ పేరు స్కేలు మేడం.

రాత్రి తిండి తగ్గించి చూశాను. తలగడ మార్చాను. మంచం అటుది ఇటు తిప్పాను. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదని ఒక్కొక్కటే మార్చాను. దేనివల్లా తగ్గలేదు.

అన్నిటికంటే గండం హాజరు కల. నిద్రలోనే పైకి పేరు పిలుస్తారు. ఎవరూ పలక్కపోతే అదే పేరు మళ్లీ మళ్లీ. విసుగొచ్చి ఒకసారి నేనే "ప్రెజెంట్ సార్" అన్నాను. వెంటనే తర్వాతి పేరుకి వెళ్లిపోయారు! ఇప్పుడు క్లాసంతా నేనే. మొన్న ఒకే గొంతుతో ఇద్దరికి పలికానని, "ఎవర్రా అది దొంగ హాజరు? బయటికి నడు!" అన్నారు. వెళ్లి హాల్లో పడుకున్నాను.

ఇంతవరకూ నవ్వితే నవ్వావు గానీ ఇక నవ్వకు. నిన్న టీ తాగుతూ, "సోమవారం రాజీనామా ఇచ్చేస్తాను. తీసేశారనిపించుకోవడం కంటే అదే నయం" అన్నారు. ఇది మెలకువగా ఉండి అన్న మాట. మొద్దబ్బాయికి ఒక్క లెక్క అర్థమైతే ఈల వేసుకుంటూ ఇంటికొచ్చే మనిషి అక్కా ఆయన. బడి మానేసి ఏం చేస్తారు? నా వంటింటి డబ్బాలు సర్దుతారు. ఆయన్నీ డబ్బాల్నీ కాపాడుకోవాలి.

నీ చెల్లెలు

అక్కా,

ముందు ప్యాంటు సంగతి చెప్పాలి. మీ మరిదికి కుట్టించిన కొత్త ప్యాంటుకి ఒక కాలు పొట్టి. నిలదీద్దామని వెళ్తే, దర్జీ మిషను మీదే తల వాల్చి కునుకుతున్నాడు.

"నిద్ర లేదమ్మా. మా ఆవిడ లెక్కల టీచరు. కలలో పిల్లల్ని బెంచీ ఎక్కమంటుంది. ఎవరో ఒకరు ఎక్కేదాకా ఊరుకోదు."

"మరి ఎవరెక్కుతున్నారు?"

"నేనే మంచమెక్కి నిలబడుతున్నా. దిగమనడం మాత్రం మర్చిపోతుంది."

ఏ స్కూలని అడిగాను. పక్క స్కూలే. స్కేలు మేడం మొగుడు! ప్యాంటు సరిచేసి ఆదివారం ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకు రమ్మన్నాను.

వచ్చారు. మేడం చేతిలో స్కేలు లేదు, ప్యాంటు పొట్లం ఉంది. మీ మరిది బిగుసుకుపోయారు. "ఆ కలేదో చెప్పండి" అని నేనే పొడిచాను.

"మీరు రోజూ నా కుర్చీలో కూర్చుంటున్నారండీ."

"నేనా? మీరే నా కుర్చీని కిటికీలోంచి విసిరేస్తున్నారు!"

"ఇక మీకా భయం లేదులెండి. రేపు నేను రాజీనామా ఇచ్చేస్తున్నాను."

"అయ్యో, నేనూ రాసేశానండీ! సంచిలోనే ఉంది."

దర్జీ బిస్కెట్టు నములుతూ, "అయితే రెండు స్కూళ్లకీ లెక్కలు నేను చెప్పాలా? నా కొలతలు చూశారుగా" అన్నాడు.

అందరం పగలబడి నవ్వాం. "తీసేస్తే వాళ్లే తీస్తారు. మనంతట మనం పోవడమెందుకు?" అని మేడం తన కాగితం చింపేసింది. మీ మరిది తనదీ చింపారు, ఆవిడ పూర్తిగా చింపిందని చూసుకున్నాకే.

స్కూళ్లు కలిశాయి. పిల్లలు ఒక్క గదిలో పట్టక రెండు సెక్షన్లు చేశారు. ఇద్దర్నీ ఉంచారు. ఇప్పుడీయన హాయిగా గురక పెడుతున్నారు.

నాకే ఇంకా అలవాటు పోలేదు. నిన్న నిద్రలో "ప్రెజెంట్ సార్!" అని అరిచి, నా అరుపుకి నేనే లేచి కూర్చున్నాను.

ఆయన కళ్లు కూడా తెరవలేదు. "వేశాను, పడుకో" అన్నారు.

క్లాసంతటి తరఫునా పలికిన
నీ చెల్లెలు