మూతి మారిన అంబాసిడర్

జనగామ

మానుకోటలో ఉన్న బిడ్డ భాగ్యకు,

పెద్దబాపు సోమయ్య దీవించి రాస్తున్నది. ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కానీ ఫోన్లో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను ఊఁ కొడుతూ కూర్చోవాలి. కాగితమైతే ఆ బాధ లేదు.

నర్సింహులపేట దగ్గర మీ తండాలో, మీ నాయిన ఇంటి గోడకున్న ఫోటోను ఫోన్లో తీసి పంపావు కదా, చూశాను. కేసముద్రం మార్కెట్లో సేటు అంబాసిడర్ ముందు మీ అమ్మ మోతీ, చంకలో ఏడాది పిల్ల. అప్పట్లో ఫోటో దిగాలంటే వెనకాల ఎవరిదో ఒక బండి ఉండాల్సిందే. చూసినవాళ్లు సొంతదనుకుంటే మరీ మంచిది. ఆ పిల్ల నువ్వా, నువ్వు పుట్టకముందే డెబ్బై ఎనిమిదిలో పోయిన మీ అక్క లతనా, బండిని చూసి చెప్పమన్నావు. నీకు నడక రాకముందే మీ అమ్మ పోయింది, ఆమెకున్న ఫోటో ఇదొక్కటే. "పెద్దబాపూ, గా పిల్ల నేను కాకుంటే గా ఫోటో దిక్కు మల్ల చూడ" అన్నావు. ఆ మాట నన్ను పట్టుకుంది.

నేను పుట్టిన ఏడు నాకు తెలియదు. ఆధార్ కార్డు వాళ్లు జనవరి ఒకటి అని రాసి పంపించారు, దేశంలో సగం మంది ముసలోళ్లం ఆ రోజే పుట్టాం. కేసముద్రంలో పంక్చర్లు వేసి బతికినవాణ్ని, బండ్ల వయసు మాత్రం చెప్పగలను. పంక్చర్లు వేసేవాడు నేల మీద కూర్చుంటాడు, వాడి కళ్లకెదురుగా ఉండేది బండి మూతి. అంబాసిడర్‌కు ఒళ్లంతా ఒక్కటే, మూతే మారుతూ వచ్చింది. మార్క్ టూకు దగ్గర దగ్గర గళ్ల జాలి. డెబ్బై అయిదులో మార్క్ త్రీ వచ్చింది, దానికి అడ్డపట్టీలు. డెబ్బై తొమ్మిదిలో వచ్చిన మార్క్ ఫోర్‌కు జాలి చిన్నదై, పార్కింగ్ లైట్లు విడిగా వచ్చాయి.

ఈ ఫోటోలో జాలిని మీ అమ్మ గాగ్రా కప్పేసింది. అయినా ఆ తలుపు సొట్ట నేనెరుగుదును. అది సేటు అరవై తొమ్మిదిలో కొన్న మార్క్ టూ బండి. కొత్త బండి పాత ఫోటోలోకి రాదు గానీ, పాత బండి ఎన్నేళ్ల ఫోటోల్లోకైనా వస్తుంది. మీ ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. మీ నాయిన లింగ్యా ఆ రోజుల్లో బొంబాయిలో కూలికి ఉన్నాడు. అడిగితే "ఇద్దరు నా పిల్లలే గదనే, ఏ పిల్లయితేంది?" అన్నాడు. ఇక నా వల్ల కాదు బిడ్డా.

నీ పెద్దబాపు,
సోమయ్య

జనగామ

భాగ్యా,

నా మొన్నటి ఉత్తరాన్ని పొయ్యిలో వేసెయ్. మనుమరాలు అక్షయ నీ ఫోటోను ఫోన్లో పెద్దది చేసి చూపించింది. గాగ్రా అంచుకూ హెడ్‌లైటుకూ మధ్య, విడిగా ఒక పార్కింగ్ లైటు. అరవై తొమ్మిది బండికి అది ఉండకూడదు. బస్సులు మారి మొగుళ్లపల్లికి పోయాను. సేటు దగ్గర డ్రైవర్‌గా చేసిన గణపతి అక్కడే ఉంటున్నాడు.

"గణపతీ, సేటు బండికి గీ లైటు ఎక్కడిదిరా?"

"మూతి మార్పిచ్చినం గదన్నా. ఎడ్లబండి గుద్దితే జాలి లోపటికి పోయింది. ఎట్లాగూ మారుస్తున్నం, కొత్త మోడల్‌దే పెట్టుమన్నడు సేటు. కొత్త బండే అని చెప్పి పెండ్లిళ్లకు తిప్పినం."

"జనం నమ్మిండ్రా?"

"ముంగట నిలవడ్డోళ్లు నమ్మిండ్రు. లోపట కూసున్నోళ్లకు ఎర్కే."

నేను బండి వయసు చూశాను, మూతి వయసు చూడలేదు. ఆ మూతి డెబ్బై తొమ్మిదికి ముందు లోకంలోనే లేదు. అప్పటికి లత లేదు. ఎనభైలో పుట్టింది నువ్వు. మీ అమ్మ చంకలో ఉన్నది నువ్వే బిడ్డా.

ఈ సంతోషం మోసుకుని తిరుగుదారిలో తండాకు పోయాను. మీ నాయిన మంచం వాల్చి కూర్చోబెట్టాడు. జాలి, లైటు, ఎడ్లబండి అంతా విప్పి చెప్పాను. అడ్డు రాకుండా విన్నాడు.

"నిజమేనా అన్నా?"

"నిజమే లింగ్యా."

"నేను లతనే అనుకుంట చూస్తున్న, గిన్నేండ్ల సంది." గోడ మీది ఫోటో వైపు తిరిగాడు. "అయితే లతది ఒక్క ఫోటో సుత లేదన్నట్టు."

ఏ బిడ్డయితేనేమని ఆ మనిషి ఎందుకన్నాడో నాకప్పుడు తెలిసింది. నీకు చెప్పకుండా దాచడం నా వల్ల కాదు, అందుకే రాస్తున్నాను. ఆయనను ఏమీ అడగకు.

మీ నాయిన లేచి గోడకున్న ఫోటో దించాడు. అద్దం తీసి, ఫోటోను కండువాతో తుడిచి "భాగ్యది, భాగ్యకే పంపు" అని నా చేతికిచ్చాడు. ఈ కవరులో పెట్టాను. ఖాళీ చట్రాన్ని మళ్లీ మేకుకే తగిలించాడు.

సోమయ్య