ఐదున్నర పౌన్ల తుపాకీ

ఆగస్టు 3
ముప్పై ఒక్క ఏళ్ళుగా అర్జీ పెడుతున్న నాన్నకి ఈసారి లాటరీలో కొండపొట్టేలు వేట పర్మిట్ తగిలింది. అరవై నాలుగేళ్ళు ఆయనకి. ఇక మళ్ళీ రాదు. కుడి మోకాలు అరిగిపోయింది, పొట్టేళ్ళు ఉండేదేమో తొమ్మిది వేల అడుగుల పైన. పాత రైఫిల్ తొమ్మిదిన్నర పౌన్లు. నేను తేలిక చేయిస్తానన్నాను. ఫిజిక్స్ డిగ్రీ చేతికొచ్చి మూడు నెలలు. ఈ ఐడహో కొంపలో ఊరికే కూర్చోలేక చస్తున్నాను.

ఆగస్టు 11
సన్నటి కార్బన్ గొట్టం, భుజానికి ఆనించే మడమేమో లోపల బోలు. తుపాకులు బాగుచేసే ఎమ్మెట్ తూచాడు: ఐదున్నర. ఒరేయ్ లోవెల్, బరువు ఎక్కడికీ పోదురా, కాళ్ళు మొయ్యకపోతే భుజం మోస్తుంది, కాలేజీలో నీ కూతురికి ఇది చెప్పలేదా అని నవ్వాడు. నాన్న దాన్ని చీపురులా ఒంటిచేత్తో ఎత్తి, కుళ్ళుకోకురా అన్నాడు.

అదే రోజు, సాయంత్రం
మొదటి గుండుకే తుపాకీ వెనక్కి తన్నింది. గురి చూసే స్కోప్ అంచు నాన్న కనుబొమ్మను నెలవంకలా కోసేసింది. ముక్కు మీదుగా నెత్తురు. నాన్న నవ్వాడు. ఈ ఊళ్ళో సగం మందికి ఈ మచ్చ ఉందిలే అమ్మాయ్ అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆగస్టు 16
నాన్న కాల్చే గుళ్ళు గురి అట్ట మీద అన్నం పళ్ళెమంత మేర చెదిరిపోతున్నాయి. గాలి అంటాడు. గడ్డిపరక కదలడం లేదు.

ఆగస్టు 17


నాన్న నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు మందు లేని డమ్మీ తూటా పెట్టాను. పిల్లలకి తుపాకీ నేర్పేటప్పుడు మా వైపు అందరూ చేసే పనే, బెదురుతున్నారో లేదో తెలుసుకోడానికి. నా పదో ఏట ఆయనే నాకు పెట్టాడు.

ట్రిగ్గర్ నొక్కాడు. క్లిక్. పేలలేదు, తన్నలేదు. అయినా గొట్టం నాలుగు వేళ్ళు కిందికి దూకింది. రెండు కళ్ళూ గట్టిగా మూసుకుపోయాయి. దవడ బిగిసింది.

మా నాన్న. వంటింటి పెనంతో ఎలుగుబంటిని తరిమిన మనిషి.

డమ్మీని బయటికి లాగి జేబులో వేసుకున్నాడు. ఎమ్మెట్‌గాడికి చెప్పకే అన్నాడు.

బరువు సగమైతే తన్ను రెట్టింపవుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ భుజం ఎవరిదో ప్రశ్నపత్రంలో ఉండదు.

ఆగస్టు 18
మడమ బోలులో సీసపు గుళ్ళు పోసి జిగురుతో బిగించాను. వెనక మందపాటి రబ్బరు. ఏడు పౌన్లు. మోకాలు నీదా నాదా అని ఎగిరాడు. నీ సంచిలోంచి గుడారం, పొయ్యి, తిండి నాకిచ్చెయ్ అన్నాను. నన్ను ముసలాణ్ణి చేస్తున్నావటే అన్నాడు. పోనీ తుపాకీ కూడా నేనే మోస్తాననేసరికి లేచి బయటికి పోబోయాడు. ఇక్కడ ఎవరి తుపాకీ వాళ్ళే మోయాలి. గడప దగ్గర ఆగి, సరే, గుడారం తీసుకో అన్నాడు, గోడతో చెప్తున్నట్టు.

ఆగస్టు 29
పదకొండు రోజులుగా, అసలు తన్నని పిల్లల తుపాకీతో, మళ్ళీ మొదటినుంచి. రోజుకి ఇరవై గుళ్ళు. ఆ తర్వాత పెద్దదానితో రెండే. ఇవాళ ఆ రెండూ అరచేతి కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. నేనే మూసుకున్నాను.

సెప్టెంబరు 4, శిఖరం కింద
రెండొందల గజాలు. ఒక్క గుండు. పొట్టేలు ఉన్నచోటే కూలింది.

తలా కొమ్ములూ కలిపి ముప్పై పౌన్ల పైమాటే. ఇటివ్వు అన్నాను. ఇవ్వలేదు. వీపుకి కట్టుకున్నాడు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఆగానా, అప్పుడే రెండు మలుపులు దిగిపోయాడు. పిలుస్తున్నా ఆగడం లేదు.