కారును తిట్టనని ఒట్టు

మార్చి 6, సోమవారం
షోరూం సారుకు గాలయ్య రాసేది. నా రాత కోడి గీకినట్టుంటుంది, తప్పులు కూడా ఉంటాయి, ఏమనుకోవద్దు. ఊరి బడిలో అయిదో తరగతి దాకే చదివాను. మీ ఏసీ గదిలో నాకు మాట రాదు. కారు ఏ రోజు ఏం చేసిందో రాసి తెమ్మన్నారు కదా, రాస్తున్నాను.

ట్రాక్టరు అమ్మి కొన్న కారు. మా ఇంటామె జానమ్మకు రెండు కళ్లలో పొర. ఆపరేషనంటే భయం. ఇచ్చిన తేదీలన్నీ ఎగ్గొట్టింది. కార్లో తీసుకుపోతే వస్తానంది. పద్నాలుగున నల్లగొండ దవాఖానకు పోవాలి.

అందుకే, ఆమె కళ్లు బాగయ్యేదాకా ఒట్టు. ఒకటి, బస్సెక్కను. రెండు, కారును తిట్టను. మంచి బండి! నిలబడి ఉన్నప్పుడు ఇంకా మంచిది.

మార్చి 7, మంగళవారం
ఊరు దాటగానే ముందర ఏదో ఉందని ఇంగ్లీషులో చెప్పి, బ్రేకు తానే వేసుకుంది. దిగి చూశాను. రోడ్డు ఉంది. రోడ్డును చూసి ఆగిందంటే చాలా జాగ్రత్త గల కారు. తిట్టలేదు.

దిష్టి తగిలిందని జానమ్మ కారు ముందర ఇంకో నిమ్మకాయల దండ కట్టింది.

మార్చి 9, గురువారం
మళ్లీ ఆగింది. మళ్లీ మళ్లీ ఆగింది. బీరన్న గొర్రెల మంద మమ్మల్ని దాటిపోయింది. "గాలయ్యన్నా, బండి నడుపుతున్నవా, కాస్తున్నవా?" అన్నాడు. ఎండ ఎక్కువగా ఉంది. కారుకూ ఉంటుంది కదా.

జానమ్మ మూడో దండ కట్టింది. కారు ఆగినప్పుడల్లా ఆమె ముఖం వెలుగుతోంది. ఇక దవాఖానకు ఏం పోతాంలే అంటోంది.

మార్చి 11, శనివారం
చౌటుప్పల్ నుంచి మెకానిక్ ఎల్లేష్ వచ్చాడు. చూసి చాలాసేపు నవ్వాడు. కారుకు చుట్టూ కళ్లలాంటివి ఉంటాయట. ముందరి కంటికి అడ్డంగా మా దండలు ఊగుతుంటే, ఎవరో వచ్చారని ఆగుతోందట. అంత పెద్ద కారు, నిమ్మకాయలకు భయపడింది.

తీసేయమన్నాడు. జానమ్మ దండల మీద చెయ్యి పెట్టింది. "దిష్టి దండ లేని బండ్ల నేను దవాఖానకు రాను."

దండ ఉంటే కారు రాదు. లేకుంటే ఆమె రాదు. అన్నీ వెనుకకు కట్టాను. ఇక రివర్సులో పోదు. పోకుంటే పోనీ, దవాఖాన ముందరే ఉంది.

ఇంకా తిట్టలేదు. పళ్లు మాత్రం నొస్తున్నాయి.

మార్చి 14, మంగళవారం
పొద్దున్నే ఎక్కి కూర్చున్నాం. తెర మీద ఏదో వచ్చింది, నొక్కాను. అప్‌డేట్ అవుతోంది, దయచేసి వేచి ఉండండి అని రాసింది. ఇదొక్కటి తెలుగులో. ఇంటి ముందరే వేచి ఉన్నాం. ఎండ నడినెత్తికి వస్తోంది.

ఇక దిగుదామా అంది జానమ్మ, ఎంతో సంబరంగా.

అప్పుడు తిట్టాను సారూ. కారును, చేసినవాళ్లను, అమ్మిన మిమ్మల్ని కూడా, క్షమించండి. పెళ్లయిన నాటి నుంచి అన్ని మాటలు మాట్లాడలేదు. వాడకట్టంతా బయటికొచ్చింది. ఆఖరుకు స్టీరింగు మీద గుద్ది అన్నాను: "నీకు గన్ని కండ్లుండి నడవవు. మా ముసల్దానికి ఉన్న రెండు పోతే ఎవడు నడిపిస్తడే?"

జానమ్మ నా దిక్కు తిరిగింది.

"ఏమయ్య, నా కండ్ల మీద నీకు గింత ఫికరున్నదా? ఒక్కనాడన్న చెప్పినవా?"

తానే తలుపు తీసుకుని దిగింది. నా చెయ్యి పట్టుకుని బస్టాండు దిక్కు నడిచింది. బస్సెక్కాం. రెండు ఒట్లూ ఒక్క పూటలో పోయాయి. ఆపరేషన్ అయింది.

మార్చి 16, గురువారం
పట్టీ తీశారు. కుడి కన్ను బాగా కనిపిస్తోందట. నేను ముసలివాడినయ్యానని ఇంటికి వచ్చాక నాలుగిళ్లకు చెప్పింది.

రెండో కంటికి నెలాఖరున తేదీ. ఈసారి రానని అనలేదు. "కార్లనే పోదాం. ఆగితే మల్ల తిట్టు, నేను వింట" అంది.

రేపటి నుంచి మళ్లీ ఒట్టు. బస్సెక్కను, కారును తిట్టను. ఆమె కోసం రెండు మూడు తిట్లు మాత్రం పక్కన పెట్టుకుంటాను.

కారు ఇంకా వేచి ఉండమనే అంటోంది. మీరు కూడా అదే మాట అనకుండా, జర జల్దీ జవాబు రాయండి సారూ.