సగమే కదండీ తమరు చెప్పింది

అమలాపురం,
14-8-2006.

సిస్టరు సలోమి గారికి,

డాక్టరు ఆనందరావు నమస్కరించి వ్రాయునది. రాజోలులో మీరూ, మీవారు కృపానందం మాస్టారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా సంగతి అడక్కండి, నిన్నటి నుంచి కాళ్ళూ చేతులూ ఆడడం లేదు.

నిన్న ఆసుపత్రిలో మీటింగు పెట్టారు. మందులు కంప్యూటర్లోనే రాయాలని రూలు వచ్చి ఏడాదైంది కదా, దాన్ని బాగా వాడిన డాక్టరుకి శాలువా అన్నారు. ఎవరికో తెలుసా? నాకండీ! ఆ మౌసుని ముట్టిన పాపాన పోలేదు నేను. నేను నోటితో చెప్పడం, మీరు నా పేరున ఎక్కించడం, అంతే కదా మన పద్ధతి!

శాలువా కప్పి ఒక కాగితం చదివారు. డోసు మించితే కంప్యూటరు ఎర్ర గడి చూపిస్తుందట. నాకు ముప్పై ఒక్కసార్లు చూపించిందట. ముప్పై ఒక్కసార్లూ నేను వెంటనే దిద్దుకున్నానట! అందరూ చప్పట్లు. నాకు ముచ్చెమటలు. ఏ ఎర్ర గడి? నేనెప్పుడు దిద్దాను?

ఇంటికొచ్చి ఆ కాగితంలో తేదీలు చూస్తే అప్పుడు వెలిగింది. ఆ రోజుల్లోనే మీరు ఏదో ఒక వేళ నా గదికి వచ్చి, మర్చిపోయేనండీ, సగమే కదండీ తమరు చెప్పింది అని అడిగేవారు. ఆయ్, సగమే అనేవాణ్ణి. తప్పు నాదైతే మతిమరుపు మీ మీద వేసుకున్నారన్నమాట! ఓరి దేవుడో, ముప్పై ఒక్క మంది!

మరి నేనేం చేశాను? సిస్టరుకి మతి తప్పుతోంది, వార్డులో ఉంచితే ప్రమాదం అని మేనేజిమెంటుకి రాసి, మిమ్మల్ని రాజోలు బ్రాంచిలో రికార్డు గదికి తోయించాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. వార్డుకి తిరిగి రండమ్మా. ఈసారి సగమే కదా అని అడక్కండి, తప్పండీ అనండి.

కొబ్బరికాయలు దింపే మన దానం, సలోమమ్మ గారేరండీ అని అడిగాడు. ఏవో పరీక్షలకి కాకినాడ వెళ్ళాడు.

ఇట్లు,
తలదించుకున్న
ఆనందరావు.

తా.క.: పైన అబద్ధం రాశాను. దానం వెళ్ళింది పరీక్షలకి కాదు, డయాలసిస్‌కి. మీరు వెళ్ళిన నాలుగో రోజున అతనికి ఇంజెక్షను చెప్పాను. మీ స్థానంలో వచ్చిన గాయత్రి పరుగెత్తుకొచ్చి, కిడ్నీలు బాగోలేవటండీ, డోసు ఎక్కువైందని కంప్యూటరు చూపిస్తోందండీ అంది. పెట్టె నాకు వైద్యం నేర్పుద్దా, మూసెయ్ అని కసిరాను. మూసేసింది.

మీటింగులో చదివిన ఆ కాగితంలో లెక్క మీరున్న జూన్ దాకానే. ముప్పై రెండోది ఇవాళ నా చేత్తో రాసి, గాయత్రి తప్పేమీ లేదని సంతకం చేసి, శాలువాతో సహా మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చాను. దానం భార్యకి మాత్రం ఇంకా చెప్పలేదు. ఆవిడ నాకు రోజూ దణ్ణం పెడుతోందండీ. మీరు పక్కనుంటే చెప్పగలను. వస్తారా?