అడుగున ముద్ర కలవలేదని ఆపిన పద్దెనిమిది తూటాలు

విల్లో బెండ్ కౌంటీ షెరీఫ్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: అక్కరలేని మందుగుండు అప్పగింత రోజున పొరపాటున ఇచ్చిన కాఫీ డబ్బా ఒకటి, అందులోని పద్దెనిమిది తూటాలతో సహా, తిరిగి ఇప్పించుట గురించి.

ఓర్లిన్ స్టెన్స్‌రుడ్ అను నేను, వయసు డెబ్బై తొమ్మిది, ధాన్యం గోదాములో పనిచేసి రిటైరైనవాడిని, తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. జనవరిలో మా అన్న ఆర్విడ్ చనిపోయినాడు. నేల గడ్డకట్టి ఉన్నందున శవపేటికను ఇన్నాళ్ళూ శ్మశానపు గదిలోనే ఉంచినారు. ఇప్పుడు మంచు కరిగి నేల మెత్తబడినది. ఈ శనివారం పూడ్చుచున్నాము. పోయే ముందు అన్న నాతో, "పూలూ గీలూ తేకురా. నేను పోసిన గుండ్లు ఆరు, తాత పిస్తోలుతో మన కంకర గుంటలో పేల్చు. ఆ చప్పుడు చాలు నాకు" అన్నాడు. సదరు పిస్తోలు మా తాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు నుంచి తెచ్చినది.

2. దానికి తూటాలు చేయడం మా నాన్న కాలంలోనే మానేశారు. పట్నంలో ఒకాయన అద్దాల బీరువాలో పెట్టి అమ్ముతాడు. ఒక్కదాని ధరకు నాకు వారం భోజనం గడుస్తుంది. కనుక నలభై ఏళ్ళుగా మేమే చేసుకుంటున్నాము. వాడేసిన రైఫిలు తూటాల ఇత్తడి తొడుగులు ఏరి తెచ్చి, పొట్టిగా కోసి, టైర్ల షాపువాడు చక్రాలకు తూకం కోసం బిగించి పారేసిన సీసం ముక్కలు కరిగించి గుండ్లు పోసుకోవడం. కోయడం నా పని, పోయడం అన్న పని. ఈ పద్దెనిమిదీ అన్న ఆఖరున పోసినవి. ఇంక పోసేవాడు లేడు.

3. తప్పు నాదే. మంచి తూటాలదీ, పగిలిన తొడుగులదీ ఒకే రకం కాఫీ డబ్బా. "చీటీ అంటించరా, అడ్డగాడిదా" అని అన్న నలభై ఏళ్ళు తిట్టాడు. "ఉన్నది ఇద్దరమే కదా, ఎవడి కోసం చీటీ?" అనేవాణ్ణి. మార్చిలో షెడ్డు సర్ది, అప్పగింత రోజున మంచి డబ్బా తమ బల్ల మీద పెట్టి, పనికిరానిది జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకున్నాను. మూత తీసి చూసేసరికి నా మీద నాకే అసహ్యం వేసినది.

4. మర్నాడే తమ కార్యాలయానికి వెళ్ళగా, కౌంటరులోని డిప్యూటీ కెండ్రా గారు,

"పెద్దాయనా, తూటా అడుగున ముద్ర రైఫిలుది. మీ అర్జీ కాగితంలో రాసిందేమో పిస్తోలు తూటాలని. ఇవి మీవేనని ఎట్లా నమ్మమంటారు?" అన్నారు.

"కోసి చేశాం తల్లీ. మూతి వైపు కోస్తాం. అడుగున ముద్ర ఎక్కడికి పోతుంది?"

"అయితే ఫ్యాక్టరీ పెట్టె తెండి."

"ఫ్యాక్టరీ నేనే!"

"అయితే ఫ్యాక్టరీ తరఫున రాసివ్వండి."

రాసిచ్చాను. సీలు లేదని తిప్పి పంపినారు.

5. నా రెండవ అర్జీకి వచ్చిన జవాబు: "సదరు తూటాలు దుకాణమందు కొనుగోలు చేసుకొనగలరు." ఆ దుకాణం ఎక్కడున్నదో, ఇది రాసిన పెద్దమనిషిని నా వెంట వచ్చి చూపించమనండి.

6. ఈ శుక్రవారం మధ్యాహ్నం డబ్బాను ధ్వంసం చేయుదురని నిన్న నోటీసు వచ్చినది. అది చదివిన వెంటనే ఈ అర్జీ రాయ కూర్చున్నాను. మనిషిని పూడ్చే ముందురోజే దొరికిందా తమకు?

ఇది తమరు చిత్తగించవలెను. అంత తీరిక లేకపోతే, కనీసం శుక్రవారానికి ముందు చదవవలెను.

తమ విధేయుడు (ఓపిక ఉన్నంతవరకు),
ఓర్లిన్ స్టెన్స్‌రుడ్

తా.క.: షెరీఫ్ గారూ, ఇంక ఈ ఆఫీసు భాష నా వల్ల కాదు. తూటాల్లోని మందు మీరే ఉంచుకోండి. ఇత్తడి కూడా ఉంచుకోండి, ముద్రతో సహా. గుండ్లు మాత్రం ఆరు ఊడబెరికి ఇవ్వండి. ఉత్త సీసం, దాన్ని ఏ రూలూ తూటా అనదు. తొడుగులు మళ్ళీ కోసుకుంటాను. శుక్రవారం మీరు తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉంటాను. ఆరు కుదరకపోతే ఒక్కటివ్వండి. ఒక్క చప్పుడైనా వినిపించకుండా మా అన్నను మట్టిలో పెట్టలేను.