శనివారం లోపు

జంగారెడ్డిగూడెం, సోమవారం

ప్రియమైన నాన్నగారికి,

మెర్సీ వందనాలు. ఇక్కడ బానే ఉన్నామండి. మీ అల్లుడు పామాయిల్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టారు. ఫోన్‌లో మీకు వినపడదు, అందుకే రాస్తున్నాను. ఉత్తరానికో ఇంగ్లీషు మాట అడగడం నా చిన్నప్పటి అలవాటే కదా. ఈసారి ‘ఇన్‌కర్’. అర్థం శనివారం లోపు అందేలా రాయండి.

మీ మెర్సీ

పెనుగొండ, శుక్రవారం

ప్రియమైన తల్లికి,

మంచి మాట పట్టావే! లాటిన్‌లో దీని మూలం ‘పరుగెత్తి వెళ్లి మీద పడడం’. సైన్యాలు శత్రువు మీద పడడానికి కూడా ఆ మాటే వాడేవారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి నష్టమో, కోపమో, శిక్షో మన మీదికి తెచ్చుకోవడం, దానికి బాధ్యులం కావడం అయింది. నీ ఉత్తరం బుధవారమే వచ్చింది. ఉదాహరణలు చక్కగా కుదరాలని రెండు రోజులు దిద్దాను. శనివారం అన్నావు, ఏంటి, ఈ వయసులో పరీక్ష రాస్తున్నావా?

మీ నాన్న, యెహెజ్కేలు

జంగారెడ్డిగూడెం, మంగళవారం

నాన్నగారికి,

ఉత్తరం ఇవాళే అందిందండి. శనివారమే అంతా అయిపోయింది.

నేను మొదటి ఉత్తరం రాసేనాటికే ఫ్యాక్టరీలో మూతలేని మిషన్‌లో పడి ఆయన కుడిచెయ్యి నలిగిపోయింది. మీ గుండెకి స్టెంట్ వేశారు కదా, అందుకే అప్పుడు మీకు చెప్పలేదు. సూపర్‌వైజర్ ఆసుపత్రికి ఇంగ్లీషు కాగితం తెచ్చి, శనివారం లోపు సంతకాలు కావాలన్నాడు. అందులో ‘ఇన్‌కర్’ అంటే ఏంటని అడిగితే “దెబ్బ తగిలిందని రాశామమ్మా, అంతే” అన్నాడు. శనివారం ఆయన ఎడమచేతి వేలిముద్ర వేశారు. సాక్షి సంతకం నేనే పెట్టాను. గాయం ఆయన అజాగ్రత్తతో ఆయనే తెచ్చుకున్నారని, ఫ్యాక్టరీకి బాధ్యత లేదని అందులో ఉంది. మీ ఉత్తరం చదివాకే తెలిసింది. ఆయనకింకా చెప్పలేదు.

మీ తప్పేం లేదు నాన్నగారూ.

మెర్సీ

పెనుగొండ, గురువారం

నా తల్లీ,

తప్పు నాదే. బుధవారమే కార్డు మీద రెండు ముక్కలు గీకి పంపితే నీకు అందేది. ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి, నా పిల్ల ఆ మాట ఎందుకు అడిగిందో అడగలేకపోయాను. పైగా పరీక్షా అని వేళాకోళమాడాను.

లేబర్ ఆఫీసుకి అర్జీ రాశాను. అర్థం చెప్పకుండా వేయించుకున్న వేలిముద్ర చెల్లదని, మూతలేని మిషన్ నడిపింది వాళ్లేనని. నిలుస్తుందో లేదో తెలీదు. రేపు తొలి బస్సుకి వస్తున్నాను. అల్లుడికి నేనే చెబుతాను.

ఈ ఉత్తరం నా వెనకాలే వస్తుంది. నీ ముఖం చూస్తూ క్షమించమని అడగలేక రాశాను. వచ్చినప్పుడు నా ఎదురుగా మాత్రం చదవకమ్మా.

నాన్న